పాలమూరు లెక్కలు: దాతృత్వ నిధులు, విశ్వవిద్యాలయ అర్థశాస్త్రం, ఒక తీరని బాకీ

పాలమూరు పల్లెల్లో సర్వే కాగితం విప్పిన పరిశోధకుడికి తప్పనిసరిగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఇదంతా రాసుకపోతే మాకేమొస్తది?" వలస కుటుంబాలతో మాట్లాడుతూ తిరిగిన రోజుల్లో నన్నూ అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ప్రపంచీకరణ మీదా, అందరికీ అందే ఆర్థికవృద్ధి మీదా విశ్వవిద్యాలయాలు చేసే అధ్యయనానికి దాతృత్వ సంస్థలిచ్చిన డబ్బు ఏం సాధించిందన్న చర్చ దశాబ్దాలుగా సాగుతోంది. అందులో ఆ ప్రశ్న వేసిన మనిషి ఊసే లేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ లోటే.

ఈ చర్చలో నేడు ఎక్కువగా ఉదహరించే గ్రంథం ఇందర్‌జీత్ పర్మార్ 2012లో వెలువరించిన 'ఫౌండేషన్స్ ఆఫ్ ది అమెరికన్ సెంచరీ'. ఫోర్డ్, రాక్‌ఫెల్లర్, కార్నెగీ సంస్థలు విశ్వవిద్యాలయాలకు డబ్బిచ్చి అమెరికా ఆధిపత్యానికి పనికొచ్చే మేధావి వర్గాలను తయారుచేశాయన్నది ఆయన వాదం. ఇండోనేషియా, నైజీరియా, చిలీ అందుకు ఆయన చూపిన సాక్ష్యాలు. చిలీ విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు. పేచీ పద్ధతితోనే. ఫౌండేషన్ల దస్త్రాల్లో దొరికేది ఇచ్చినవాడి ఉద్దేశం. ఆ డబ్బు పొలంగట్టు దాకా వచ్చాక ఏమైందో దస్త్రాలు చెప్పవు. ధర్మకర్తల ఉత్తరాలు చదివి రైతు సంగతి తేల్చడం, విత్తనాల రసీదు చూసి పంట దిగుబడి చెప్పడం లాంటిది.

పర్మార్ చూడని చోటు హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు. ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల చొరవతో రూపుదిద్దుకున్న అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన వ్యవస్థలో భాగంగా 1972లో అక్కడ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వెలిసింది. 1975లో ఆ సంస్థ ఆర్థికవేత్తలు కుటుంబాల లెక్కలు రాయడానికి ఆరు మెట్ట గ్రామాలను ఎంచుకున్నారు. నాటి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు వాటిలో రెండు. మిగిలిన నాలుగూ మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలవి. ఊరికి 40 కుటుంబాలు: ముప్పై సాగుదార్లవి, పది కూలీలవి. మొత్తం 240. లెక్కలు రాసే ఉద్యోగి ఊళ్లోనే కాపురం ఉండేవాడు. మూడు నాలుగు వారాలకోసారి ప్రతి గడపా తొక్కి పంట, కూలి, అప్పు, తిండి రాసుకునేవాడు. మూడు గ్రామాల్లో ఇది పదేళ్లు ఆగకుండా సాగింది. ఔరేపల్లి ఆ మూడింటిలో ఒకటి.

ఈ లెక్కల నుంచి పుట్టిన విజ్ఞానం తక్కువది కాదు. రాక్‌ఫెల్లర్ వంశీయుడు స్థాపించిన అగ్రికల్చరల్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ తరఫున ఇక్రిశాట్‌లో పనిచేసిన హాన్స్ బిన్స్‌వాంగర్, ఈ రైతుల చేత నిజమైన డబ్బుతో బొమ్మా బొరుసు పందేలు ఆడించారు. పందెం పెద్దదయ్యేకొద్దీ ఉన్నవాడూ లేనివాడూ దాదాపు ఒకే తీరున జంకారని 1980లో ప్రకటించారు. అంటే పేదరైతు కొత్త సేద్యానికి వెనకాడేది పిరికితనం వల్ల కాదు, అప్పు లాంటివి అందకపోవడం వల్ల. 1989లో మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ మరో సంగతి చూపారు. ఆడపిల్లను దూరపు ఊరికివ్వడం కరువు నుంచి కాపాడుకునే ఏర్పాటు కూడా. ఇక్కడ వాన పడకపోయినా వియ్యంకుల ఊళ్లో పడవచ్చు. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ 'ఎకనోమెట్రికా' పత్రికలో ప్రచురించిన వ్యాసానికి ఔరేపల్లితో పాటు మహారాష్ట్ర గ్రామాలు రెండు ఆధారం. ఒక ఇంటి రాబడి పడిపోయినా ఆ ఇంటి తిండి అంతగా పడిపోదనీ, ఊరంతటి తిండితో కలిసి నడుస్తుందనీ ఆయన లెక్కతేల్చారు.

ఇప్పుడు డబ్బు దారి చూడండి. టౌన్‌సెండ్ నాడు పనిచేసిన చికాగో విశ్వవిద్యాలయం రాక్‌ఫెల్లర్ విరాళంతో పుట్టింది. తర్వాతి కాలంలో రోజెన్‌జ్వైగ్ డైరెక్టరైన యేల్ ఆర్థికవృద్ధి కేంద్రం 1961లో ఫోర్డ్ నిధులతో మొదలైంది. దాత సొమ్ము అటు విశ్వవిద్యాలయాన్నీ ఇటు పల్లె లెక్కనూ నిలబెట్టింది. ఆ రెంటి నడుమ ఏర్పడిన బంధమే నేటి అభివృద్ధి అర్థశాస్త్రం. పర్మార్ చెప్పిన ఆధిపత్యానికి ఈ లెక్కల్లో చోటెక్కడ? ఆడపిల్ల పెళ్లి లెక్క ఏ సామ్రాజ్యానికి పనికొచ్చింది?

ఇక్రిశాట్‌కు ప్రభుత్వాల నిధులూ అందాయనీ, టౌన్‌సెండ్ వాడిన తిండి లెక్కల కచ్చితత్వాన్ని కొందరు ప్రశ్నించారనీ ఎరుగుదును. మూలవాదన దానితో సడలదు.

2001లో ఈ లెక్కలు మళ్లీ మొదలయ్యాయి. 2009లో గేట్స్ ఫౌండేషన్ నిధులతో విస్తరించాయి. ఈలోగా ఔరేపల్లి చేలల్లో ఆముదం స్థానాన్ని పత్తి ఆక్రమించింది. డోకూరు వలసల ఊరైంది. ప్రపంచీకరణ అంటే ఏమిటో ఏ సదస్సు ప్రసంగం కన్నా ఈ రెండు ఊళ్ల ఖాతాలే స్పష్టంగా చెబుతాయి. అందుచేత దాత పేరిట నెలకొల్పే ఆచార్య పీఠాల కన్నా, ఊళ్లో కాపురముండి లెక్క రాసే ఒక్క ఉద్యోగి జీతమే వృద్ధి అధ్యయనానికి ఎక్కువ మేలు చేసిందని నా నిర్ణయం. ఇది పాలమూరుకే కాదు, మూడో ప్రపంచమంతటికీ వర్తిస్తుంది.

అయితే బాకీ ఒకటి మిగిలింది. ఆ కుటుంబాలు తెలుగులో చెప్పిన బతుకు ఇంగ్లిష్ పట్టికలుగా మారి పోయింది, తెలుగులోకి తిరిగి రాలేదు. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం ఆ ప్రాంతంలోనే ఉంది. ఆ సమాచారం పరిశోధకులకు బహిరంగంగానే దొరుకుతోంది. మన అర్థశాస్త్ర శాఖలు దాన్ని తెలుగు చేసి ఔరేపల్లిలో, డోకూరులో చదివి వినిపించాలి. దాతలు ఇకపై ఇచ్చే ప్రతి రూపాయిలో కొంత ఆ పనికి కేటాయించాలి. "మాకేమొస్తది" అని అడిగినవాళ్లకు మనం ఇవ్వగల జవాబు అదే.