కర్త లేని వాక్యాలు: టాఫ్ లోయ కాలిబాట చరిత్ర

'కార్ఖానా మూతపడింది' అనే వాక్యానికీ, 'కార్ఖానా మూసేశారు' అనే వాక్యానికీ ఉన్న తేడా వ్యాకరణానికి సంబంధించింది మాత్రమే అనుకుంటే పొరపాటు. మొదటి వాక్యంలో మూసినవాడు కనిపించడు. పొద్దు గుంకినట్టు, ఆకు రాలినట్టు, కార్ఖానా తనంతట తానే మూతపడుతుంది. రెండో వాక్యం పేరు చెప్పకపోయినా, మూసినవాళ్ళు ఉన్నారన్న సంగతిని దాచదు. వాళ్ళెవరని అడిగే అవకాశం పాఠకుడికి మిగులుతుంది. చరిత్ర రచనలో వర్గదృష్టి గురించి మనం ఎన్నో సిద్ధాంత చర్చలు చేసుకున్నాం. ఆ దృష్టి నిలిచేదీ కూలేదీ చివరికి ఇలాంటి చిన్న క్రియాపదాల ఎంపికలోనే.

ఈ మాట ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. గత అర్ధ శతాబ్దంగా పాత పారిశ్రామిక దేశాలలో చరిత్రను చెప్పే ఒక కొత్త పద్ధతి వ్యాపిస్తోంది. బొగ్గునూ ఇనుమునూ మోసిన రైలు కట్టల మీద, కాలువ గట్ల మీద నడిచేవాళ్ళకూ సైకిళ్ళవాళ్ళకూ బాటలు వేస్తున్నారు. దారి పక్కన సమాచార ఫలకాలు నిలుపుతున్నారు. చరిత్ర పుస్తకం ఎన్నడూ తెరవనివాళ్ళు కూడా ఈ ఫలకాలు చదువుతారు. కనుక ఇది సాహిత్య విమర్శకు బయటి విషయం కాదు. బ్రిటన్‌లో వేల్స్ దేశానికి చెందిన 'టాఫ్ ట్రెయిల్'ను ఉదాహరణగా తీసుకుని, ఆ బాట ఏం చెప్పగలదో, ఏం చెప్పకుండా ఉండగలదో పరిశీలిద్దాం. కార్డిఫ్ రేవు నుంచి బ్రెకన్ పట్నం దాకా, చాలా మేరకు టాఫ్ నది లోయ వెంట సాగే ఈ బాట పొడవు 55 మైళ్ళు.

నేలను చదును చేసిన చేతులు

ఈ లోయకు గుండెకాయ మెర్థిర్ టిడ్విల్ పట్నం. 18వ శతాబ్దం మధ్యదాకా అదొక గొర్రెల కాపరుల పల్లె. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి, పారే నీళ్ళు ఒక్కచోటే దొరకడంతో లండన్, బ్రిస్టల్ వ్యాపారుల పెట్టుబడి అక్కడికి చేరింది. 1759లో డౌలైస్, 1763లో ప్లిమత్, 1765లో కవార్త్‌వా, 1784లో పెనిడారెన్ ఇనుప కార్ఖానాలు వెలిశాయి. 1801 జనాభా లెక్కల నాటికి 7,705 మందితో మెర్థిర్ వేల్స్‌లోకెల్లా పెద్ద పట్నమైంది. యాభై ఏళ్ళలో ఆ సంఖ్య ఆరు రెట్లయింది.

తయారైన ఇనుము సముద్రానికి చేరాలి. 1794లో మెర్థిర్ నుంచి కార్డిఫ్‌కు కాలువ తవ్వించారు. పాతిక మైళ్ళ పొడవులో సుమారు యాభై లాకులు. ఆ కాలువ మీద కవార్త్‌వా యజమాని క్రాషే పెత్తనం భరించలేక, మిగతా యజమానులు 1802లో పెనిడారెన్ నుంచి అబర్‌కనన్ దాకా తొమ్మిదిన్నర మైళ్ళ ట్రామ్ దారి వేయించారు. ఆ దారిలో అడ్డదుంగలుండవు. బండిలాగే గుర్రం పట్టాల మధ్య నడవాలి గనక, రెండు వైపులా రాతి దిమ్మెలు పాతి వాటి మీద పోత ఇనుప పట్టాలు బిగించారు. మేకులు దిగగొట్టిన రంధ్రాలతో ఆ దిమ్మెలు ఇప్పటికీ దారిలో కనిపిస్తాయి.

1804 ఫిబ్రవరి 21న రిచర్డ్ ట్రెవిథిక్ తయారుచేసిన ఆవిరి యంత్రం ఈ దారి మీదే పది టన్నుల ఇనుమునూ డెబ్భై మంది మనుషులనూ లాగింది. పట్టాల మీద నడిచిన తొలి ఆవిరి రైలుగా చరిత్ర దాన్ని గుర్తుపెట్టుకుంది. దాని వెనుక పెనిడారెన్ యజమాని హామ్‌ఫ్రేకీ, క్రాషేకీ మధ్య 500 గినీల పందెం ఉంది. యంత్రం బరువుకు పట్టాలు విరిగాయి. మళ్ళీ గుర్రాలే వచ్చాయి. ట్రెవిథిక్ 1833లో పేదవాడిగా చనిపోయాడు. ఇప్పుడు ఆ ట్రామ్ దారికి 'ట్రెవిథిక్ ట్రెయిల్' అని పేరు పెట్టారు. అది న్యాయమే. అయితే ఆ బండ్లెక్కిన డెబ్భై మంది పేర్లూ, విరిగిన పట్టాల చోట మళ్ళీ పట్టాలు బిగించినవాళ్ళ పేర్లూ దారికి లేవు.

పాత రైలు కట్ట మీద సైకిలు తొక్కేవాడికి కొండ ప్రాంతంలో ఉన్నట్టే అనిపించదు. కారణం సులభమే. బరువు బండ్లు నిటారు ఎత్తు ఎక్కలేవు. అందుకని గుట్టలు తొలిచి, పల్లాలు పూడ్చి, వందల అడుగులకు ఒక్క అడుగు చొప్పున వాలు వచ్చేట్టు నేలను సరిచేశారు. పార, పలుగు, తోపుడు బండి తప్ప యంత్రాలు లేని కాలంలో జరిగిన పని అది. నేడు విహారానికి వచ్చినవాడి కాళ్ళకు తెలిసే సుఖం, రెండు శతాబ్దాల నాటి కూలీ నడుం మీద నుంచి వచ్చింది. ప్రకృతి సౌందర్యం అని వర్ణించేదానిలో ఈ శ్రమ భాగం ఎంతో ఏ ఫలకమైనా చెబితే సంతోషించాలి.

వంపులో యజమాని, ఇటుకలో సమ్మె

మెర్థిర్ దాటాక బాట కెవన్ కోయిడ్ వంతెన మీదుగా పోతుంది. 1866లో రైలు కోసం కట్టిన ఈ వంతెనకు పదిహేను కమానులు. ఎత్తు 115 అడుగులు. లోయను నేరుగా దాటకుండా అది విల్లులా వంగి ఉంటుంది. చూసేవాళ్ళు ఆ వంపును అందం అంటారు. రైలు తన భూముల మీదుగా పోవడం కవార్త్‌వా యజమాని రాబర్ట్ క్రాషేకు ఇష్టం లేకపోవడమే ఆ అందానికి మూలమని ప్రసిద్ధి.

ఇంకో సంగతి ఉంది. వంతెన రాతి కట్టడం. కమానుల లోపలి భాగం మాత్రం ఇటుక. 1866 ఫిబ్రవరిలో రాతి మేస్త్రీలు సమ్మె కట్టారు. కంపెనీ వాళ్ళ కోర్కెలు వినకుండా ఎనిమిది లక్షల ఇటుకలు కొని, ఇటుక పనివాళ్ళను దించి పని పూర్తి చేయించింది. కింద నిలబడి తలెత్తి చూస్తే ఆ సమ్మె ఇప్పటికీ కనిపిస్తుంది. 'రాయీ ఇటుకా కలిపి కట్టిన వంతెన' అని రాస్తే అబద్ధం కాదు. కాని ఆ వాక్యంలో సమ్మె చేసినవాడూ లేడు, సమ్మెను విరిచినవాడూ లేడు. నిజాలు చెబుతూనే చరిత్రను దాచడం ఇలాగే సాధ్యమవుతుంది.

లోయ దిగి వెళ్ళిన ఖైదీ

1825 నాటికి విలియం క్రాషే తన కార్ఖానా కనిపించేట్టుగా కవార్త్‌వా కోట కట్టుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత, ఇనుము ధరలు పడిపోయాయని కూలీరేట్లు తగ్గించాడు. అప్పుల కోర్టు కార్మికుల ఇళ్ళలోని సామాను జప్తు చేస్తోంది. 1831 జూన్ మొదట్లో కార్మికులు తిరగబడ్డారు. అప్పుల కోర్టు కాగితాలు తగలబెట్టారు. జూన్ 3న కాజిల్ ఇన్ సత్రం ముందు సైనికులు జనం మీద కాల్పులు జరిపారు. కనీసం పదహారు మంది చచ్చిపోయారు. అయినా కొద్ది రోజులపాటు పట్నం కార్మికుల చేతిలోనే ఉంది. దూడ నెత్తుటిలో ముంచిన గుడ్డను వాళ్ళు జెండాగా ఎత్తారనీ, బ్రిటన్‌లో కార్మికులు ఎర్రజెండా ఎత్తడం అదే మొదలనీ చెబుతారు.

సైనికుణ్ణి గాయపరిచాడన్న నేరం మోపి, డిక్ పెండెరిన్ అని జనం పిలుచుకునే 23 ఏళ్ళ రిచర్డ్ లూయిస్‌కు మరణశిక్ష వేశారు. పదకొండు వేల మందికి పైగా సంతకాలు చేసిన విన్నపాన్ని ప్రభుత్వం తోసిపుచ్చింది. 1831 ఆగస్టు 13న కార్డిఫ్‌లో ఉరితీశారు. 1874లో, అసలు నేరం తనదేనని అమెరికాలో మరణశయ్య మీద ఒకతను ఒప్పుకున్నట్టు వార్త వెలువడింది. ఇనుము దిగిన లోయ గుండానే డిక్ పెండెరిన్ కూడా కార్డిఫ్‌కు దిగాడు. టాఫ్ బాట ఇనుము దారి అయినంతగా అతని దారి కూడా.

వాక్యం కోసం పోరాటం

మెర్థిర్‌కు దిగువన బాట అబర్‌వాన్ గ్రామం పక్కగా పోతుంది. అక్కడి గని వ్యర్థాలను ఊరి పైనున్న కొండ మీద గుట్టలుగా పోసేవారు. 1958లో మొదలుపెట్టిన ఏడో గుట్టను నీటి ఊటల మీద పోశారు. బురద జారి వస్తుందేమోనన్న భయాన్ని స్థానిక సంస్థ 1960ల మొదట్లోనే ఉత్తరాల ద్వారా బొగ్గు బోర్డుకు తెలియజేసింది. 1966 అక్టోబర్ 21 ఉదయం ఆ గుట్ట జారి పాంట్‌గ్లాస్ బడి మీద పడింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు.

'గుట్ట జారింది' అని ఇప్పుడే రాశాం. కర్త లేని వాక్యం ఎంత సులభంగా దొర్లిపోతుందో గమనించండి. మరణ విచారణలో అధికారి ఊపిరాడకపోవడం వంటి కారణాలు చదువుతుంటే, బిడ్డను పోగొట్టుకున్న ఒక తండ్రి లేచి అడ్డుపడ్డాడు. జాతీయ బొగ్గు బోర్డు సజీవంగా పాతిపెట్టిందని ధ్రువపత్రంలో రాయాలని పట్టుపట్టాడు. ఆయన అడిగింది ఒక సరైన వాక్యం. 1967లో న్యాయ విచారణ సంఘం దుర్ఘటనకు బొగ్గు బోర్డుదే బాధ్యత అని తేల్చింది. ఒక్క అధికారి కొలువు పోలేదు. పైగా మిగిలిన గుట్టలు తొలగించే ఖర్చుకని, బాధితుల కోసం ప్రజలు పంపిన విరాళాల నిధి నుంచే లక్షా యాభై వేల పౌండ్లు తీసుకున్నారు. ఆ మొత్తం తిరిగి ఇచ్చింది 1997లో. వడ్డీగా లెక్కించదగిన సొమ్ము 2007లో గాని రాలేదు.

కార్ఖానాల సంగతీ అంతే. స్థానిక ఖనిజం తగ్గి స్పెయిన్ ఖనిజం మీద ఆధారపడ్డాక, దాన్ని కొండకు ఎక్కించే ఖర్చెందుకని డౌలైస్ కంపెనీ 1891లో కార్డిఫ్ తీరాన కొత్త కొలుములు పెట్టుకుంది. 1930లో డౌలైస్‌లో ఉక్కు తయారీని దాదాపుగా ఆపేసింది. 1939లో ఒక నివేదిక అయితే మెర్థిర్ పట్నాన్నే వదిలేసి జనాన్ని వేరే చోటికి తరలించమంది. కొలిమి ఆరింది కాదు, ఆర్పారు.

బాట ఎవరిది?

అయితే ఇలాంటి బాటలను అభ్యుదయ రచయితలు నిరాకరించాలా? అలా అనడం చరిత్ర తెలియనితనమే అవుతుంది. నడకా సైకిలూ బ్రిటన్ కార్మికులకు పోరాటంతో ముడిపడిన విషయాలు. 1894లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన క్లారియన్ సైకిల్ క్లబ్బు సభ్యులు ఆదివారాలు ఊళ్ళమ్మట తిరుగుతూ సోషలిస్టు పత్రిక పంచేవారు. 1932 ఏప్రిల్‌లో మాంచెస్టర్ కార్మిక యువకులు కొన్ని వందల మంది, ప్రభువుల వేటకోసం కంచె వేసిన కిండర్ స్కౌట్ కొండ మీదికి నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. అయిదుగురు జైలుకు వెళ్ళారు. 1949లో గ్రామసీమల్లో నడిచే హక్కుకు చట్టం రావడం వెనుక అలాంటి పోరాటాలున్నాయి. పొగలో బతికిన లోయకు చెట్టు నీడన నడిచే దారి రావడం కార్మికుల మనవలకు దక్కవలసిన వాటాయే.

పేచీ బాటతో కాదు, బాట చెప్పే కథతో. ఆ కథ అన్నిటినీ భూతకాలంలోకి నెట్టేస్తే ప్రమాదం. మెర్థిర్ పక్కనే ఫోస్-ఇ-వ్రాన్ ఓపెన్‌కాస్ట్ గనిలో, భూమిని బాగుచేసే పథకం పేరిట మొదలైన తవ్వకం, 2022 సెప్టెంబరులో అనుమతి ముగిశాక కూడా 2023 నవంబరు దాకా సాగింది. బొగ్గు యుగం ముగిసిందని ఫలకాలు చెప్పగల కాలంలోనే బొగ్గు తవ్వారు.

డౌలైస్‌లో పుట్టిన చరిత్రకారుడు గ్విన్ విలియమ్స్ 1978లో మెర్థిర్ తిరుగుబాటు మీద పుస్తకం వెలువరించాడు. కోర్టు కాగితాలలో నేరస్థులుగా మిగిలినవాళ్ళను ఆయన ఆలోచించి, సంఘటితమై, తెగించిన మనుషులుగా నిలబెట్టాడు. ఫలకానికి కావలసిన కర్తలు అలాంటి శోధనలోంచే వస్తారు.

1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైన సింగరేణి ప్రాంతం మనకుంది. అక్కడ భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి, ఊళ్ళు లేచిపోయాయి. కాదు, ఊళ్ళను లేపేశారు. రేపు ఆ మట్టిగుట్టల మీదా చెట్లు పెరుగుతాయి, బాటలూ పడవచ్చు. అప్పుడు ఫలకం రాయడానికి ఎవరో ఒకరు కూర్చుంటారు. ఆ రాసేవాడికి అందుబాటులో ఏముంటుంది? కంపెనీ వార్షిక నివేదికలా, లేక గని దిగినవాళ్ళ మాటలా? సమ్మెల కరపత్రాలు, ప్రమాదాల్లో పోయినవాళ్ళ పేర్లు, గని పనిలో పుట్టిన మాటలు, నిర్వాసితుల జ్ఞాపకాలు ఇప్పుడే సేకరించి అచ్చు వేయకపోతే, ఆ ఫలకం మీద 'గని మూతపడింది' అనే వాక్యమే మిగులుతుంది. సాహిత్య విద్యార్థులు చేపట్టదగిన పరిశోధన ఇది. దీనికి అబర్‌వాన్ తండ్రి అడిగినదానికి మించిన సిద్ధాంతం అవసరం లేదు. ఎవరు చేశారో క్రియ పక్కన రాయాలి.