ఇక చాలు, సముద్రమా!

"గొప్ప సినిమా" అని పేరుపడ్డవాటితో నాకో చిక్కుంది. కళ్ళు తడిపితే గొప్పదనేవాళ్ళు కొందరు, సమాజానికి పనికొచ్చే సంగతి చెబితే గొప్పదనేవాళ్ళు మరికొందరు. ఏడిపించడం చాలా సినిమాలకి చేతనవును. ఇక మంచి సంగతులు చెప్పే సినిమాలంటారా, సగంలోనే ఆవులింతలొస్తాయి. ఈ రెండు కొలతలకీ నిలిచిన సినిమా ఒకటి నేను ఉద్యోగం చేసుకుంటున్న ఈ కువైట్‌లోనే పుట్టింది. పేరు "బస్ యా బహర్". అంటే "ఇక చాలు, సముద్రమా" అని. ఖాలిద్ అల్ సిద్దిఖ్ 1972లో తీసిన నలుపు తెలుపు చిత్రం. కువైట్ తొలి కథాచిత్రం, ఆస్కార్ పోటీకి ఈ దేశం పంపిన మొదటి సినిమా కూడా. అయితే "తొలి" అన్న మాట చరిత్ర పుస్తకంలో చోటిస్తుందేగానీ, చూసేవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టదు కదా!

కథలోకి వెళ్ళేముందు కాస్త చరిత్ర. ఇక్కడ బుర్గాన్‌లో చమురు పడింది 1938లో, ఎగుమతి మొదలైంది 1946లో. అంతకుముందు ఊరికి కూడు పెట్టింది ముత్యాలే. ఎండాకాలం నాలుగు నెలలూ పడవల మీదే బతుకు. ముక్కుకి క్లిప్పు, కాలికి రాయి, మెడలో బుట్ట, ఊపిరి బిగబట్టి మునగడం. పడవ నాయకుణ్ణి నోఖదా అంటారు. బయలుదేరేముందు ఇంటి ఖర్చులకి అతనే అడ్వాన్సు ఇచ్చేవాడు. తిరిగొచ్చాక లెక్క చూస్తే చాలామందికి అప్పే మిగిలేది. తండ్రి పోతే ఆ అప్పు కొడుకు నెత్తిన పడేది. ముత్యాలేమో బొంబాయి వ్యాపారుల చేతికి! మన హైదరాబాదులో "బస్రా ముత్యాలు" అని మురిసిపోయిందీ ఈ గల్ఫ్ ముత్యాలనే. 1930లలో జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ఈ వ్యాపారాన్ని ముంచేశాయి.

సినిమాలో ముసాయిద్ పేదింటి కుర్రాడు. సొరచేప బారిన పడి అవిటివాడైన తండ్రి వద్దంటున్నా, డబ్బున్నవాళ్ళమ్మాయి నూరాని పెళ్ళాడాలని సముద్రంలోకి వెళతాడు. అతను అక్కడుండగానే ఇక్కడ నూరాని ఓ డబ్బున్న పెద్దాయనకి కట్టబెట్టేస్తారు. ముసాయిద్‌కి ముత్యం దొరుకుతుంది, ప్రాణం పోతుంది. స్నేహితులు తెచ్చిచ్చిన ఆ ముత్యాన్ని తల్లి సముద్రంలోకి విసిరేస్తుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నడక నెమ్మది. కొన్నిచోట్ల నటన నాటకం చూస్తున్నట్టే ఉంటుంది. కానీ ఆ తల్లి చెయ్యి విసిరినప్పుడు నాకు గొంతు పట్టేసింది. పూట గడవని ఇంట్లో ఆ ముత్యం ఎంత అవసరమో అప్పటికే మనకి తెలుసు. అందుకే ఆ విసురులో కడుపుకోతా ఉంది, ఆ వ్యాపారం మొత్తం మీద తీర్పూ ఉంది. ఏడుపునీ సంగతినీ విడదీయలేం. ఉపన్యాసం ఒక్క ముక్క లేదు.

ఇంకో విషయం. ఇప్పుడిక్కడ ముత్యాల వేట ఒక ముచ్చట. ఇరవై దినార్ల నోటు మీద గజ ఈతగాడి బొమ్మ ఉంది. 1986 నుంచి కుర్రాళ్ళని పాతకాలపు పడవలెక్కించి వేట యాత్రలు చేయిస్తున్నారు. తాతల్ని తలుచుకోవడం మంచిదే. కానీ చమురు డబ్బు పారుతున్న రోజుల్లో, "ఆ కాలం బంగారం కాదు, అక్కడ మగవాణ్ణి అప్పూ ఆడదాన్ని బేరమూ మింగేశాయి" అని సొంత జనానికే చూపించడానికి ధైర్యం కావాలి. సామాజిక ప్రయోజనం అన్నమాటకి నా మట్టుకు నాకు అర్థం అదే.

మనవాళ్ళకి ఈ కథ కొత్తగా అనిపించదు. శుక్రవారం మాలియా వైపు వెళితే కడప యాస, గోదావరి యాస రెండూ వినిపిస్తాయి. రాయచోటి నుంచో రాజంపేట నుంచో ఏజెంటుకి అప్పుచేసి కట్టి, ఇక్కడి ఇళ్ళలో పనికి కుదిరిన అక్కల్ని అడగండి, మొదటి జీతాలు ఎవరికి పోయాయో. నోఖదా అడ్వాన్సుకీ దీనికీ తేడా నాకైతే పెద్దగా కనిపించలేదు. సముద్రం బదులు విమానం, అంతే.

ఖాలిద్ అల్ సిద్దిఖ్ 2021లో కన్నుమూశారు. ఆయన సినిమా దొరికితే చూడండి. చూశాక, మన గల్ఫ్ వలస మీద ఇంత నిబ్బరంగా తీసిన తెలుగు సినిమా ఏదైనా మీకు తడితే నాకూ చెప్పండి.