హైదరాబాద్ సిటీ పోలీస్: 1950 సీజన్

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950లో ఒకే ఏడాది బొంబాయి రోవర్స్ కప్పునూ ఢిల్లీ డ్యూరాండ్ కప్పునూ గెలిచింది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బులకు వేలాదిమంది అభిమానులు ఉండేవారు, మంచి ఆటగాడు ఎక్కడున్నా రప్పించుకునే స్తోమత ఉండేది. సిటీ పోలీస్ మాత్రం ఒక ప్రభుత్వ శాఖ నడిపే జట్టు.

ఆ జట్టు బలానికి మూలం దాని శిక్షకుడైన ఒక బడిపంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు. సిటీ కాలేజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి పెట్టుకున్న ఎలెవెన్ హంటర్స్ జట్టులో ఆడాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాక నగరంలోని కుర్రాళ్లకు ఆట నేర్పే పద్ధతినే మార్చేశాడు. బంతిని కాలి దగ్గర అట్టే పెట్టుకోకుండా వచ్చింది వచ్చినట్టే పక్కవాడికి అందించాలనేది ఆయన మొదటి పాఠం. అందుకోసం డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నడిపాడు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలనే పోటీలూ పెట్టాడు. ఖరీదైన సరంజామా ఏదీ అక్కర్లేని ఈ శిక్షణలో పెరిగిన కుర్రాళ్లకు రెండు కాళ్లూ ఒక్కలాగే పనిచేసేవి. ఒంటి బలం మీద ఆధారపడే జట్లకు వీళ్ల వేగాన్ని అందుకోవడం కష్టమయ్యేది. రహీం సాబ్ గొప్పతనం కప్పుల లెక్కలో కంటే ఈ పోటీలను ఊహించడంలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

1888లో మొదలైన డ్యూరాండ్ టోర్నమెంటు 1940 తర్వాత ఆగిపోయి, స్వాతంత్ర్యం వచ్చాక తొలిసారి 1950లో జరిగింది. ఫైనల్లో సిటీ పోలీస్‌కు ఎదురైంది మోహన్ బగాన్. మొదటి మ్యాచ్ 2-2తో సమమైంది. మళ్లీ ఆడినప్పుడు హైదరాబాద్ జట్టు 1-0తో గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో మాత్రం బెంగాల్‌దే పైచేయి. అయితే 1949 ఫైనల్లో అయిదు గోల్స్ తేడాతో ఓడిన హైదరాబాద్, మరుసటి ఫైనల్లో ఒక్క గోల్ తేడాతోనే ఓడింది. ఏడాదిలో ఎంత ఎదిగిందో ఆ అంకెలే చెబుతాయి.

రోవర్స్ కప్పును సిటీ పోలీస్ 1954 దాకా వరుసగా అయిదేళ్లు ఎవరికీ వదల్లేదు. రహీం భారత జట్టుకూ శిక్షకుడయ్యాడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయం ఎదురైంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, తులసీదాస్ బలరాం, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాద్, సికిందరాబాద్ ఆటగాళ్లు ఆ జట్టులో ఉన్నారు. దేశంలో హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు అంతటి పలుకుబడి మళ్లీ రాలేదు.

1956, 1957లలో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీనీ సాధించింది. రాష్ట్రాల పునర్విభజన తర్వాత పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. బలరాం వంటి మేటి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోసాగారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు మరో స్వర్ణం సాధించిపెట్టిన రహీం, 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ ట్రోఫీ ఆ తర్వాత రాష్ట్రానికి దక్కలేదు.