బొంతకాకుల కోట, కోడళ్ళ కొట్టుగది

హంగరీ రాజధాని బుడాపెస్టు గురించి చాలామంది రాశారు. ఆ డాన్యూబ్ నది, ఆ వంతెనలు, వేడినీటి స్నానాలు మేమూ చూశాం, బాగానే ఉన్నాయి. మా అబ్బాయి అక్కడ చదువుకుంటున్నాడు కాబట్టి వాడి పుణ్యాన ఆ దేశం వెళ్ళగలిగాం. కానీ ఇవాళ చెప్పాలనుకున్నది ఆ నగరానికి ఈశాన్యంగా, ఇంచుమించు వంద కిలోమీటర్ల దూరంలో చెర్‌హాత్ కొండల మధ్య ఉన్న ఒక చిన్న పల్లెటూరి సంగతి. పేరు హొల్లోకో. కొండలంటే మన శేషాచలం లాంటివి ఊహించుకోకండి. కోట ఉన్న కొండ ఎత్తు 365 మీటర్లే. మనవైపు అయితే గుట్ట అని ఊరుకుంటాం.

1987లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ముందు ఏడాదే మన హంపి ఆ జాబితాలో చేరింది. హంపి ఒక సామ్రాజ్యానికి రాజధాని. హొల్లోకోలో ఉన్నవి రైతుల ఇళ్ళు. నన్ను ఆ ఊరికి లాగింది ఈ తేడాయే. చరిత్ర పుస్తకాల్లో రాజుల వంటశాలల గురించి కూడా రాస్తారు గానీ, రైతు ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకునేవారో ఎవరు రాస్తారు చెప్పండి?

ముందు కోట కథ చెప్పేస్తాను. హంగేరియన్ భాషలో హొల్లో అంటే బొంతకాకి, కో అంటే రాయి. పూర్వం కచిచ్ వంశానికి చెందిన ఒక దొర పక్క దొర ఇంటి అమ్మాయిని ఎత్తుకొచ్చి, తాను కట్టిస్తున్న కోటలో దాచాడట. (ఆమె అమ్మాయి కాదు, ఆ దొర భార్య అని చెప్పేవాళ్ళూ ఉన్నారు.) ఆమెను పెంచిన దాదికి మంత్రవిద్యలు తెలుసు. ఆవిడ దయ్యాన్ని ఆశ్రయించింది. అప్పటినుంచి పగలు కట్టిన రాళ్ళను రాత్రికి రాత్రి బొంతకాకులు ముక్కులతో కరుచుకుపోయేవట. ఆ రాళ్ళతో వేరేచోట కొండకొమ్మున లేచినదే ఈ కోట అంటారు. ఈ కథలో నాకు నచ్చిన మనిషి ఆ దాదే. అమ్మాయి తండ్రి ఏం చేశాడో, అన్నదమ్ములు ఏం చేశారో కథ చెప్పదు. పెంచిన చెయ్యి మాత్రం ఊరుకోలేదు.

అసలు చరిత్ర ఇంత అందంగా ఉండదు. 1241లో మంగోలులు హంగరీ మీద విరుచుకుపడ్డారు. ఊళ్ళకు ఊళ్ళు బూడిదయ్యాయి. గట్టి రాతి కోటలున్న కొద్దిచోట్ల మాత్రమే జనం నిలవగలిగారు. మరుసటి ఏడాది మంగోలులు వెనుదిరిగాక, నాలుగో బేలా అనే రాజు ఎక్కడికక్కడ రాతి కోటలు కట్టమని ప్రభువులను ప్రోత్సహించాడు. హొల్లోకో కోట ఆ భయంలోంచి పుట్టిందే. తర్వాత టర్కీ వాళ్ళు వచ్చారు. కోట 1552లో వాళ్ళ చేతికి పోయింది, 1593లో తిరిగి వచ్చింది, 1663లో మళ్ళీ పోయింది, 1683లో పోలండు రాజు సోబియెస్కీ దాన్ని విడిపించాడు. ఆ యుద్ధాలు ముగిశాక కోటతో ఎవరికీ పనిలేకపోయింది. ఇప్పుడు మరమ్మతులు చేసి టిక్కెట్టు పెట్టారు. పైకెక్కితే గాలి మాత్రం అద్భుతం.

కోట మీద నుంచి కిందికి చూస్తే ఊరి అమరిక తెలుస్తుంది. ఉన్నది ఒకే ఒక్క పెద్ద వీధి. 1889లో కట్టిన చిన్న చర్చి, దానికొక చెక్క గోపురం. ఆ చర్చికి అటూ ఇటూ వీధి చీలుతుంది. టర్కీ యుద్ధాల తర్వాత కోట కింద మళ్ళీ ఇళ్ళు వేసుకున్న మొదటి తరం వాళ్ళు వీధికి రెండు వైపులా కట్టుకున్నారు. కొడుకులకు పెళ్ళిళ్ళయితే? సాగుభూమిని ఇళ్ళకోసం పాడుచేయడం వాళ్ళకు ఇష్టం లేదు. అందుకని ఉన్న ఇంటి వెనకే, అదే ఇరుకైన పొడుగాటి స్థలంలో, మరో ఇల్లు. మనవళ్ళకు దాని వెనక ఇంకొకటి. గడ్డీ గాదమూ దాచే కొట్టాలు మాత్రం ఊరి బయట, పొలాల అంచున. ఈ జనాన్ని పలోత్స్‌లు అంటారు. హంగరీ ఉత్తరాన ఉండే వీళ్ళకు వేరే యాస, వేరే కట్టూబొట్టూ ఉన్నాయి.

1783లో ప్రభుత్వం, చెక్కతో ఇళ్ళు కట్టకండి, తగలబడిపోతాయి అని ఉత్తర్వు వేసింది. వీళ్ళు వినలేదు. గడ్డి కప్పులు, చెక్క వాసాలు మానలేదు. ఊరు మళ్ళీ మళ్ళీ అంటుకుంది. ఆఖరిసారి 1909లో. అప్పటికి బుడాపెస్టులో భూగర్భ రైలు తిరగడం మొదలై పదమూడేళ్ళయింది. అయినా హొల్లోకో వాళ్ళు కాలిన చోటే, పాత పద్ధతిలోనే కట్టుకున్నారు. కింద రాతి పునాది, మట్టి మెత్తి సున్నం కొట్టిన గోడలు, ముందు చెక్క స్తంభాల వసారా. మనం ఇప్పుడు ఫొటోలు తీసుకునేది ఎక్కువగా ఆ 1909 తర్వాతి ఇళ్ళనే.

ఇక ఇంట్లోకి వెళదాం. ఊళ్ళో ఒక ఇంటిని పాత సామాన్లతో మ్యూజియంగా ఉంచారు. పలోత్స్ ఇంట్లో వరసగా మూడు గదులుంటాయి. వీధివైపు పెద్ద గది, మధ్యలో వంటిల్లు, వెనక కొట్టుగది. పెద్ద గదిలో పొయ్యి, మూలన బల్ల, పైన దేవుడి పటాలు, ఎత్తయిన పడక. వెచ్చగా ఉండేది ఆ గది ఒక్కటే. అది ఇంటి యజమానికి, ఆయన భార్యకి. మగవాళ్ళు చాలామంది పశువుల కొట్టంలో పడుకునేవారు, పశువుల వేడి ఉంటుంది కదా. మరి కోడళ్ళు? వెనక కొట్టుగదిలో. పిండి, ధాన్యం, పందిమాంసం దాచే ఆ గదిలో పొయ్యి ఉండదు. శీతాకాలంలో నీళ్ళు గడ్డకట్టే చలిలో కూడా కోడళ్ళు చంటిబిడ్డలతో అక్కడే. ఇద్దరు కోడళ్ళుంటే ఇద్దరూ, ముగ్గురుంటే ముగ్గురూ. పుట్టింటి నుంచి తెచ్చుకున్న భోషాణం లాంటి చెక్కపెట్టె మంచం పక్కన. దాన్నిండా ఆమె పెళ్ళికి ముందు తన చేత్తో వడికి నేసిన జనపనార బట్టలు. ఇంట్లో ఆమెది అని చెప్పుకోదగినవి ఇంచుమించు అంతే.

ఆ కొట్టుగదిని వాళ్ళు కమ్రా అంటారు. వినగానే మా అబ్బాయి, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. హైదరాబాదు కమ్రా అక్కడికెలా వెళ్ళింది? వెళ్ళలేదు. మూలం లాటిన్ కామెరా. అది హంగరీకి నేరుగా చేరింది. మన దేశానికి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చి హిందీ ఉర్దూల్లో కమ్రా అయింది. ఫొటో తీసే కెమెరా కూడా ఆ గదే, చీకటి గది. బి.ఏ. తెలుగు చదివిన దానికి ఇలాంటివి దొరికితే పండగ.

మాటలో సరదా ఉంది గానీ గదిలో లేదు. ఉమ్మడి కుటుంబాలు ఎంత బాగుండేవో అని మనం నిట్టూరుస్తుంటాం. నేను పుట్టింది అలాంటి ఇంట్లోనే కాబట్టి ఆ నిట్టూర్పు నాకూ ఉంది. కానీ ఎవరిని అడిగామన్నది ముఖ్యం. మా తాతయ్యకి ఆ ఇల్లు బృందావనం. మా పెద్దమ్మకి వంతుల లెక్క. ఇవాళ వంట నీది, రేపు అంట్లు నాది. పలోత్స్ ఇళ్ళలోనూ కోడళ్ళకు వంతులుండేవి, అజమాయిషీ అత్తగారిది. ఆ అత్తగారు కూడా ఒకప్పుడు కమ్రాలో వణికినావిడే. వెచ్చటి గది ఆమెకు వయసుతో వచ్చిన జీతం అన్నమాట. అందుకే ఆ వ్యవస్థ అన్నేళ్ళు నిలిచిందని నా అభిప్రాయం. ఎవరి వంతు కోసం వాళ్ళు ఎదురుచూస్తారు కదా, మధ్యలో పడగొట్టేదెవరు?

20వ శతాబ్దం రెండో సగానికి పడగొట్టే పని పట్నాలు చేశాయి. కుర్రవాళ్ళు గనులకు, ఫ్యాక్టరీలకు పోయారు. కోడళ్ళు వాళ్ళతో వెళ్ళారు. ఇద్దరికి రెండు గదుల ఫ్లాటు, గోడలో వేడి గొట్టాలు. పల్లెను వదిలి వెళ్ళారని బాధపడేవాళ్ళు ఒక్క జనవరి రాత్రి ఆ కొట్టుగదిలో పడుకుని చూడాలి. ఖాళీ అయిన ఇళ్ళను కొని, బాగుచేయించి నిలబెట్టారు. ఇప్పుడు ఊళ్ళో మూడొందల మందికి అటూ ఇటూ ఉంటారు, వాళ్ళలోనూ చాలామంది ఇళ్ళు ఈ పాత వీధికి అవతల ఉన్నాయి. పాత ఇళ్ళలో కుండలు చేసేవాళ్ళు, నేతమగ్గం, తినుబండారాల కొట్లు, అతిథి గదులు. ఈస్టర్ మర్నాడు సోమవారం మాత్రం ఊరు కిటకిటలాడుతుందట. కుర్రాళ్ళు బావి నీళ్ళు బకెట్లతో అమ్మాయిల మీద కుమ్మరిస్తారు, అమ్మాయిలు రంగుల గుడ్లు ఇస్తారు. మన వసంతాలు గుర్తొచ్చాయి. పెళ్ళికాని పిల్లలు జడకు రిబ్బను కట్టుకుంటారు. పెళ్ళయినవాళ్ళు జుట్టు కనబడకుండా కుట్టుపని చేసిన టోపీ పెట్టుకోవాలి. ఆ కుట్టుపని ఎంత నాణ్యంగా ఉందో చెప్పలేను. దారం రంగు కూడా వయసును బట్టి మారుతుంది, పెద్దవుతున్న కొద్దీ ముదురు రంగులు.

మేం ఒక రాత్రి ఆ ఊళ్ళోనే బస చేశాం. పాత ఇల్లే, మాకిచ్చింది వెనక గది. పక్కన స్నానాలగది కట్టారు, గోడకి హీటరు ఉంది, ఎండలు మొదలయ్యాయని దాన్ని ఆపేసి ఉంచారు. గుమ్మం దగ్గర గోడ మందం చేత్తో కొలిస్తే మూర పైనే వచ్చింది. మావారు పడుకోగానే గురకపెట్టారు. మే నెలలో, ఆ గదిలో, నాకు రెండో దుప్పటి కావలసి వచ్చింది.