దీవి మీది కళాశాల, మూడు చదువులు



మన దేవాలయపు సాయంకాలపు తెలుగు తరగతిలో మేము అందరికంటె వయస్సు మళ్ళిన విద్యార్థులము. ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించిన తరువాతనే మా పూర్వుల భాషను వ్రాయ నేర్చుకొన్నాము. కాబట్టి ఈ వ్యాసంలో దోషాలు కనబడితే పెద్దలు మన్నించ ప్రార్థన.

మా ప్రక్క బల్లపై కూర్చుండే బాలిక ఈ ఏడు మెట్రిక్ పరీక్ష వ్రాస్తున్నది. ఒకనాడు విశ్వవిద్యాలయపు దరఖాస్తును తరగతికి తెచ్చి, "తాతగారూ, నాకు సంగీతం చదవాలని ఉన్నది. అమ్మ నర్సింగ్ చదవమంటున్నది. నాన్న ఏదైనా సరే, ఉద్యోగం వస్తే చాలునంటున్నారు. మీ కాలంలో మీరు ఎట్లా నిర్ణయించుకొన్నారు?" అని అడిగింది.

మేము వెంటనే బదులు చెప్పలేకపోయాము. మా కాలంలో మొదటి నిర్ణయం ప్రభుత్వం చేసేది. మిగిలిన నిర్ణయం ఇంటి పెద్దలు చేసేవారు. ఆ బాలికకు ఆనాడు చెప్పలేని జవాబును ఇక్కడ వ్రాస్తున్నాము.

ఓడ నుండి కళాశాల వరకు

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు నేటాలుకు ఒప్పంద కూలీలుగా వచ్చిన భారతీయులు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు నుండి వచ్చిన ఓడలలోని వారే. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అందులో ఉన్నారు. మా ముత్తాత ఉత్తర ఆర్కాటు నుండి వచ్చినవాడు. ఒప్పందం ఐదేండ్లు. తొలి కూలీలకు మొదటి ఏడు జీతం నెలకు 10 షిల్లింగులు, తరువాత ఏటేటా ఒక్కొక్క షిల్లింగు పెరుగుదల. ఆ జీతంలో బిడ్డ చదువుకు మిగిలేది ఏమీ లేదు.

అయినా మనవారు చదువును వదలలేదు. భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన వి. ఎస్. శ్రీనివాస శాస్త్రిగారి ప్రోద్బలంతో, మన సమాజపు చందాలతో, 1929లో డర్బన్‌లో శాస్త్రి కాలేజీ తెరిచారు. పేరుకు కాలేజీయే గాని అది ఉన్నత పాఠశాల, ఉపాధ్యాయ శిక్షణాలయం. డిగ్రీ చదువు మాత్రం ఇంకా దూరంగానే ఉండేది. 1936లో మేబెల్ పామర్ అనే విదుషి పూనుకొని, నేటాల్ యూనివర్సిటీ కాలేజీ పక్షాన, శ్వేతేతర విద్యార్థులకు అదే శాస్త్రి కాలేజీలో తరగతులు ప్రారంభించింది. తెల్ల విద్యార్థులతో కలిసి కూర్చొనే అనుమతి లేదు. పగలు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయులు పని ముగిసిన తరువాత తామే విద్యార్థులై ఆ బల్లల మీద కూర్చునేవారు. సాయంకాలపు తరగతి మనకు నిన్న మొన్న వచ్చిన వాడుక కాదని మన పిల్లలు తెలుసుకోవాలి.

1959లో మరొక చట్టం వచ్చింది. దాని పేరు విశ్వవిద్యాలయ విద్యా విస్తరణ చట్టం. పేరులో విస్తరణ ఉన్నది గాని చట్టం చేసింది తలుపులు మూయడమే. మంత్రిగారి అనుమతి లేనిదే నల్లవారు, భారతీయులు తెల్లవారి విశ్వవిద్యాలయాలలో చేరరాదు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క కళాశాల కట్టారు. ఆ విధంగా 1961లో డర్బన్ రేవులోని సాలిస్‌బరీ దీవి మీద, నౌకాదళం వదిలిన పాత బారకాసులలో, భారతీయుల యూనివర్సిటీ కాలేజీ మొదలైంది. తొలి ఏడు విద్యార్థులు 114 మంది. వారు పడవ ఎక్కి రేవు దాటి తరగతికి వెళ్ళేవారు. నూరేండ్ల క్రిందట మన పెద్దలు దిగిన రేవు అదే. దక్షిణాఫ్రికా ప్రభుత్వం భారతీయులను ఈ దేశపు శాశ్వత నివాసులుగా ఒప్పుకొన్నది కూడా ఆ 1961లోనే. ఒక చేత్తో ఉండండి అన్నారు, మరొక చేత్తో దీవి మీద ఉండండి అన్నారు.

మా చిన్నాయన ఆ ఏడు మెట్రిక్ ముగించాడు. దీవికి వెళ్ళనన్నాడు. వివక్ష కట్టిన బడికి బిడ్డలను పంపరాదని కాంగ్రెసువారు చెప్పిన కాలమది. ఆయన ఒక గిడ్డంగిలో గుమాస్తాగా చేరి, తపాలా ద్వారా డిగ్రీ చదవడం మొదలుపెట్టాడు. పదకొండేండ్లు పట్టింది. పదహారేండ్ల తరువాత అదే కళాశాలకు మేము దరఖాస్తు పెట్టినప్పుడు ఆయన మాతో నెల దినాలు మాట్లాడలేదు. అప్పటికి దానికి 1971లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి వచ్చింది. మరుసటి ఏడు వెస్ట్‌విల్ కొండ మీద క్రొత్త భవనాలకు మారి డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయమైంది. కాని ఆయనకు అది దీవి కళాశాలగానే మిగిలిపోయింది. ఆయనది తప్పని మేము ఎన్నడూ అనలేదు. మాది తప్పని కూడా అనుకోలేదు. ఇద్దరమూ చదువు కోసమే పోరాడాము, దారులు వేరు.

శుశ్రూష

మా ఇంటిలో మొదటి వివాదం మాది కాదు, మా అక్కది. ఆమె నర్సు కావాలని కోరింది. ఆ రోజులలో మన కుటుంబాలు ఆడపిల్లను ఆ వృత్తికి పంపడానికి ఎంతో వెనుకాడేవి. రాత్రి పని, పరాయి మగవారికి సేవ, ఆసుపత్రి వసతి గృహంలో నివాసం, పెండ్లి సంబంధాలు చెడుతాయన్న భయం, ఇవన్నీ అడ్డుపడేవి. మా అవ్వ రెండు దినాలు అన్నం ముట్టలేదు.

చివరకు మా నాయన ఒక మాట గుర్తు చేశాడు. అవ్వ తల్లి చెరకు తోటలో మంత్రసాని. బారకాసులలో పుట్టిన బిడ్డలలో చాలామందిని ఆమె చేతులే అందుకొన్నాయి. "నీ తల్లి చేసిన పనే కదమ్మా?" అని నాయన అడిగాడు. "మా అమ్మ దిక్కులేక చేసింది. ఇది చదువుకొని చేస్తుందా?" అన్నది అవ్వ. "అవునమ్మా, చదువుకొనే చేస్తుంది" అన్నాడు నాయన. ఆ మాటతో దరఖాస్తు మీద సంతకం పడింది.

దిక్కులేక అన్న మాట వెనుక చరిత్ర ఉన్నది. ఒక దినం పనికి రాకుంటే రెండు దినాల జీతం కోసే దురాచారం ఆనాటి తోటలలో ఉండేది. 1872లో ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ఎదుట కూలీల బాధలు బయటపడ్డాయి. ఆ తరువాతనే భారతీయ వలసదారుల సంరక్షకుడు అనే అధికారిని నియమించారు. జబ్బు పడితే జీతం పోయే చోట, మన ఆడవారు తమలో తామే వైద్యం చేసికొన్నారు.

నర్సింగ్ చరిత్రలో దక్షిణాఫ్రికాకు ఒక గౌరవం, ఒక మచ్చ ఉన్నాయి. నర్సులను ప్రభుత్వమే నమోదు చేసే పద్ధతి ప్రపంచంలో మొదట 1891లో ఇక్కడి కేప్ కాలనీలో వచ్చింది. అదే దేశంలో 1957 నాటి చట్టం నర్సుల పట్టికలను జాతి ప్రకారం విడదీసింది. చదువు ఒకటే, పరీక్ష ఒకటే అయినా పేరు వ్రాసే పుస్తకం వేరు. మా అక్క ఆసుపత్రిలో శిక్షణ పొంది డిప్లొమా తీసికొన్నది. తరువాత వెస్ట్‌విల్‌లో నర్సింగ్ డిగ్రీ చదువు కూడా ఉండేది. శరీర నిర్మాణం, మనస్తత్వం, సమాజ శాస్త్రం అన్నీ నేర్చి, సాధారణ శుశ్రూషతో పాటు మానసిక రోగుల సేవ, గ్రామ వాడల ఆరోగ్యం, ప్రసూతి సేవ, ఈ నాలుగింటిలో అర్హత పొందే నాలుగేండ్ల చదువు 2019 నాటి ప్రవేశాల వరకు నర్సింగ్ పట్టాకు ఆధారంగా ఉండేది. ప్రసూతి సేవ అంటే మా అవ్వ తల్లి చేసిన పనియే. మా అక్క భుజాల మీద మెరూన్ రంగు పట్టీలు చూసిన నాడు అవ్వ వాటిని వ్రేళ్ళతో తడిమి చూసి, ఏమీ అనకుండా దేవుడి గదిలోకి వెళ్ళింది.

తత్త్వం

మేము బి. ఏ. లో ఆంగ్లంతో పాటు తత్త్వశాస్త్రం ఎంచుకొన్నాము. మూడేండ్ల డిగ్రీ, ఆపై ఒక ఏడు ఉపాధ్యాయ డిప్లొమా. తత్త్వం బడిలో చెప్పే పాఠం కాదు, కావున అన్నం పెట్టేది ఆంగ్లమే. "తత్త్వం చదివి ఏమి చేస్తావు?" అని బంధువులందరూ అడిగారు.

తరగతిలో ప్లేటో, డెకార్ట్, కాంట్ పేర్లు విన్నాము. గుడి అలమారలో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి గ్రంథాలు చూశాము. భారతీయ తత్త్వశాస్త్రంపై ఆయన రెండు సంపుటాలు 1923లో, 1927లో వెలువడ్డాయి. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు, 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులయ్యారు. మన ఆంధ్ర మహాసభ ఈ నేటాలులో పుట్టినది కూడా 1931లోనే. అక్కడ తెలుగువారు విశ్వవిద్యాలయం నడుపుతున్న ఏట ఇక్కడ తెలుగువారు బిడ్డలకు అక్షరాలు నేర్పే సభ కట్టుకొన్నారు. రెండూ ఒకే ఆకలి నుండి పుట్టినవే.

తత్త్వం పనికిరాని చదువని మేము ఎన్నడూ అనుకోలేదు. దానికి కారణం ఉన్నది. మా ఊరిలోనే నేటాల్ విశ్వవిద్యాలయంలో రాజనీతి తత్త్వం బోధించిన రిక్ టర్నర్‌ను ప్రభుత్వం 1973లో నిషేధించింది. 1978 జనవరిలో ఆయనను స్వగృహంలోనే కాల్చి చంపారు. అప్పుడు మేము విద్యార్థులము. న్యాయమంటే ఏమిటి అని ప్రశ్నించిన వాని మీద తుపాకీ ప్రేలినదంటే, ఆ ప్రశ్న ఎంత బలమైనదో మాకు తెలిసింది. తరువాత ముప్పది ఏండ్లకు పైగా మేము ఆంగ్ల పాఠాలు చెప్పాము. బిడ్డలను "ఎందుకు?" అని అడగనివ్వడం మాత్రం తత్త్వశాస్త్రమే నేర్పింది.

సంగీతం

మా సహపాఠి ఒకడు సంగీత విద్యార్థి, తమిళ కుటుంబం వాడు. పగలు పాశ్చాత్య స్వరలిపి, వారాంతంలో ఒక గురువు వద్ద కర్ణాటక గాత్రం. ఒకనాడు త్యాగరాజస్వామి కృతి ఒకటి తమిళ లిపిలో వ్రాసుకొని మా వద్దకు తెచ్చాడు. "నీవు తెలుగువాడివి కదా, ఈ మాటకు అర్థం చెప్పు" అన్నాడు. మేము చెప్పలేకపోయాము. ఇంటిలో వంటకాల పేర్లు, వరుసలు, తిట్లు, దీవెనలు తెలుసు. ఆ మాట తెలియదు. తెలుగువాడు కానివాడు తెలుగు పాడుతున్నాడు, తెలుగువాడికి అర్థం తెలియదు. ఆ సిగ్గు మమ్మల్ని నలుబది ఏండ్లు వెంటాడి ఈ సాయంకాలపు తరగతికి తెచ్చింది.

త్యాగరాజస్వామి 1847లో తిరువయ్యారులో సమాధి చెందారు. మరి పదమూడేండ్లకు ట్రూరో ఓడ బయలుదేరింది. ఓడ ఎక్కిన మన పెద్దలు కచేరీలు విన్నవారు కారేమో గాని భజన పాటలు, పెండ్లి పాటలు వెంట తెచ్చారు. ఆంధ్ర మహాసభ పోటీలలో నేటికీ బిడ్డలు వాటిని పాడుతున్నారు. తరువాతి కాలంలో వెస్ట్‌విల్‌లో భారతీయ సంగీతం డిగ్రీ చదువైంది. 1980లలో నేటాల్ విశ్వవిద్యాలయంలో జాజ్ సంగీతం కూడా పాఠ్యాంశమైంది. వీధి పాట, కూలీ పాట కళాశాల గడప దాటిన కాలమది.

మిగిలినది

వెస్ట్‌విల్‌లో ఒకప్పుడు తమిళం, హిందీలతో పాటు తెలుగు కూడా డిగ్రీ స్థాయిలో బోధించేవారు. 1990ల చివరి నాటికి అక్కడి సంగీత శాఖ మూతపడింది. భారతీయ భాషల బోధన కూడా క్రమంగా ఆగిపోయింది. 2004 జనవరి 1న డర్బన్-వెస్ట్‌విల్, నేటాల్ విశ్వవిద్యాలయాలు ఒక్కటై క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయమైనాయి. మా చిన్నాయన ప్రవేశించలేని తలుపు, మేము ప్రవేశించిన తలుపు ఇప్పుడు ఒకే ఇంటివి. ఆ వార్త చదివిన దినం ఆయన మాకు ఫోను చేసి, "ఇక నీ కళాశాలకు నేనూ రావచ్చునేమో" అని నవ్వాడు. అప్పటికి ఆయన వయస్సు అరవై దాటింది.

ఒక విషయం చెప్పి ముగిస్తాము. ఈ దేశపు 1996 నాటి రాజ్యాంగం ఆరవ అధికరణంలో, గౌరవించి పెంపొందించవలసిన సమాజ భాషలలో తెలుగు పేరు స్పష్టంగా ఉన్నది. పేరు రాజ్యాంగంలో ఉన్నది, బోధన మాత్రం నేడు గుడి వెనుక గదిలో ఉన్నది. కావున ఆ గదిని కాపాడుకోవాలి. ఎవరి ఇంటిలోనైనా సాలిస్‌బరీ దీవి నాటి, వెస్ట్‌విల్ నాటి పాఠ్య వివరాల పుస్తకాలు, పడవ టిక్కెట్లు, నర్సుల శిక్షణ ఫోటోలు ఉంటే, పారవేయక మన గుడి గ్రంథాలయానికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. ఆ బాలిక వంటివారు వాటిని చూడాలి.

ఇక అమ్మా, నీ ప్రశ్నకు జవాబు. మేము నిర్ణయించుకోలేదు, దొరికినది పట్టుకొన్నాము. మూడు చదువులలో ఏది గొప్పదని మేము చెప్పలేము. మా అక్క రోగిని నిలబెట్టింది, మా మిత్రుడు పాటను నిలబెట్టాడు, మేము ప్రశ్నను నిలబెట్టడానికి ప్రయత్నించాము. నీ దరఖాస్తులో మొదటి గడి నీ చేతితో నీవే నింపు. మీ అమ్మానాన్నలతో మాట్లాడవలసి వస్తే, వచ్చే గురువారం తరగతి అయిన తరువాత మేము వస్తాము.