చేతిని కాచే కొలువు

1902 సంవత్సరం మొదట్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఒక కొత్త గురువు వచ్చాడు. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి, ఒహాయో రాష్ట్రంలో పొలం పనుల మధ్య పెరిగిన రైతుబిడ్డ. పేరు సై యంగ్. అంతకుముందు ఏడాది బోస్టన్ జట్టుకు 33 మ్యాచులు గెలిపించిన బేస్‌బాల్ పిచర్. అమెరికాలోకెల్లా పాత ఉన్నత విద్యాసంస్థలో చదివే కుర్రాళ్లకు అతను నేర్పవలసింది ఒక్కటే, బంతి విసరడం. ఆరో తరగతి మనిషి హార్వర్డ్ వాళ్లకు పాఠం చెబుతున్నాడని బోస్టన్ పత్రికలు సంబరంగా రాసుకున్నాయి.

యంగ్ అక్కడే ఉండిపోలేదు. సీజన్ మొదలయ్యేలోగా దొరికిన ఖాళీలో చేసిన పని అది. ఆ తర్వాత జార్జియాలోని మెర్సర్ విశ్వవిద్యాలయం కుర్రాళ్లకూ అలాగే నేర్పాడు. అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో పై మెట్టయిన మేజర్ లీగ్‌లో ఆయన సాధించిన 511 విజయాలను ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు. 1956 నుంచి ఏటా ఉత్తమ పిచర్‌కు ఇచ్చే బహుమతి ఆయన పేరు మీదే ఉంది. కాలేజీ పిచింగ్ కోచ్ అనే వృత్తి తొలినాళ్లలో ఇలాగే ఉండేది. పై ఆటలో పేరు తెచ్చుకున్నవాడు కిందికి దిగివచ్చి, నాలుగు మెలకువలు చెప్పి వెళ్లిపోయేవాడు. నూట పదహారేళ్ల తర్వాత ఆ దారి తిరగబడింది. కాలేజీలో నేర్పుతున్న మనిషిని మేజర్ లీగ్ జట్టే వచ్చి పిలుచుకుపోయింది. మధ్యలో ఏం జరిగిందన్నది తెలుసుకోదగ్గ కథ. అందులో దెబ్బతిన్న చేతులున్నాయి, జీతం లేని కొలువులున్నాయి, కోర్టు తీర్పులూ ఉన్నాయి.

క్రికెట్ చూసి పెరిగిన కళ్లకు పిచర్ పని సులువుగానే కనిపిస్తుంది. పరుగెత్తి రానక్కర్లేదు, బంతి నేల మీద పడి లేవనక్కర్లేదు. పది అంగుళాల ఎత్తున్న మట్టి దిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న ప్లేటు మీదుగా బంతి పంపితే చాలు. అయితే పరుగు లేదు గనక ఆ వేగమంతా కాళ్లు, నడుము, భుజం, మోచెయ్యి కలిసి పుట్టించాలి. ఆరు బంతులు వేసి విశ్రాంతి తీసుకునే ఓవర్ల పద్ధతి ఇక్కడ లేదు. మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ వంద బంతుల దాకా విసురుతూ పోతాడు. మోచేతి లోపలి పక్కన ఉండే చిన్న లిగమెంట్ ఆ ఒత్తిడిని భరించాలి.

పిచింగ్ కోచ్ బాధ్యతలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. బంతి కుట్ల మీద ఏ వేలు ఎక్కడ పడాలి, విసిరేటప్పుడు ముందుకాలు ఎటు దిగాలి, ఎవరు ఏ రోజు ఆడాలి, ఎన్ని బంతులకు ఆపాలి అన్నవన్నీ అతనే చూసుకోవాలి. కాలేజీల్లో దీనికి తోడు మరో పని ఉంది. చాలా జట్లలో ఏ బంతి వెయ్యాలో నిర్ణయించేది పిచర్ కాదు, డగౌట్‌లో ఉన్న కోచ్. ముక్కూ చెవీ టోపీ తాకుతూ, ప్లేటు వెనక బంతి పట్టే క్యాచర్‌కు సైగలు చేసేవారు. తర్వాత క్యాచర్ మణికట్టుకు అంకెల పట్టీలు వచ్చాయి. 2022 నుంచి ఎలక్ట్రానిక్ పరికరంతో చెప్పడానికీ కాలేజీ క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ అనుమతించింది. ఆట లేని రోజుల్లో ఊళ్లు తిరిగి హైస్కూలు కుర్రాళ్లను వెతికి తేవడం సరేసరి.

కాలేజీ బేస్‌బాల్ మాత్రం ఈ కొలువు కంటే చాలా పాతది. 1859 జులై 1న మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో ఆమ్‌హర్స్ట్, విలియమ్స్ కాలేజీలు ఆడిన మ్యాచే మొదటిది. ఆమ్‌హర్స్ట్ 73-32తో గెలిచింది. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు జట్టుకు ఒక్క కోచ్ ఉంటే అదే గొప్ప. పిచర్ల కోసం విడిగా మనిషిని పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

అలాంటి ఒంటరి కోచ్‌లలో నా దృష్టిలో అందరికంటే తలచుకోదగ్గవాడు స్మోకీ జో వుడ్. 1912లో బోస్టన్ రెడ్ సాక్స్ తరఫున 34 మ్యాచులు గెలిచి 5 మాత్రమే ఓడినప్పుడు అతని వయసు 22. మరుసటి ఏడాది బొటనవేలు విరిగింది. ఆ తర్వాత భుజం నొప్పి అతన్ని వదల్లేదు. చివరికి పిచింగ్ మానేసి క్లీవ్‌లండ్ జట్టులో ఔట్‌ఫీల్డర్‌గా ఆడాడు. 1923 నుంచి 1942 దాకా యేల్ విశ్వవిద్యాలయం కుర్రాళ్లకు కోచ్‌గా ఉన్నాడు. చెయ్యి పోవడమంటే ఏమిటో అతనికి పుస్తకాలు చెప్పనక్కర్లేదు.

1981 మే 21న అదే యేల్ మైదానంలో 91 ఏళ్ల వుడ్ ప్రేక్షకుల్లో కూర్చున్నాడు. పక్కన న్యూయార్కర్ పత్రిక రచయిత రోజర్ ఏంజెల్. యేల్ పిచర్ రాన్ డార్లింగ్ 11 ఇన్నింగ్స్ దాకా ఒక్క హిట్ ఇవ్వలేదు. అవతల సెయింట్ జాన్స్ పిచర్ ఫ్రాంక్ వయోలా ఆ 11 ఇన్నింగ్స్‌లోనూ ఒక్క పరుగు ఇవ్వలేదు. పన్నెండో ఇన్నింగ్స్‌లో యేల్ 1-0తో ఓడింది. ఆ ఇద్దరు కుర్రాళ్లూ తర్వాత మేజర్ లీగ్‌లో పేరు తెచ్చుకున్నారు. ఇప్పటి పిచింగ్ కోచ్ ఎవరైనా అంతసేపు ఒకే కుర్రవాణ్ణి దిబ్బ మీద ఉంచితే తెల్లారేసరికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. అప్పట్లో అది శౌర్యం.

ఈ మార్పుకు మూలం 1974లో ఉంది. ఆ ఏడాది కాలేజీ ఆటలో అల్యూమినియం బ్యాట్లకు అనుమతి వచ్చింది. కర్ర బ్యాటుకైతే శరీరానికి దగ్గరగా వేసిన బంతి పిడి దగ్గర తగిలి బ్యాటు విరిగేది. లోహపు బ్యాటు ఆ బంతిని కూడా ఫీల్డర్ల తల మీదుగా పంపేది. దాంతో లోపలికి వెయ్యడం తగ్గించి, బయటి అంచున నెమ్మది బంతులతో బతకడం పిచర్లకు నేర్పాల్సి వచ్చింది. 1998 కాలేజీ వరల్డ్ సిరీస్ ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా జట్టు అరిజోనా స్టేట్‌ను 21-14తో ఓడించింది. బేస్‌బాల్‌లో అది నమ్మలేని స్కోరు. పిచర్ల చేతులకు అంత పెద్ద పరీక్ష ఎదురయ్యాక, వాళ్లకంటూ ఒక కోచ్ లేకుండా జట్టు నడపడం కష్టమైంది. 2011లో బ్యాట్ల జోరు తగ్గించే కొత్త ప్రమాణాలు వచ్చాకే పరుగుల వరద తగ్గింది.

అదే 1974 సెప్టెంబర్ 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచర్ కుడి ముంజేతి నుంచి టెండన్ తీసి ఎడమ మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో అమర్చాడు. జాన్ 1976లో తిరిగొచ్చి ఆ చేత్తోనే మరో 164 మ్యాచులు గెలిచాడు. అంతకుముందు చెయ్యి పోతే ఆట పోయినట్టే. ఇప్పుడు బాగుచేసే దారి దొరికింది. దొరికినకొద్దీ, అసలు పాడవకుండా చూడలేకపోయారా అని కోచ్‌ను అడగడమూ మొదలైంది.

జీతం సంగతి వేరే కథ, అది మంచి కథ కాదు. ఖర్చు తగ్గించాలని ఎన్‌సీఏఏ 1992 నుంచి ఒక తరగతి సహాయ కోచ్‌లకు ఏడాదికి 16,000 డాలర్లకు మించి ఇవ్వకూడదని నియమం పెట్టింది. ఫుట్‌బాల్ తప్ప మిగతా క్రీడల్లో కింది మెట్టున ఉన్న కోచ్‌ల మీద ఆ దెబ్బ పడింది. వాళ్లు కోర్టుకెళ్లారు. కాలేజీలన్నీ కూడబలుక్కుని జీతాలకు పరిమితి పెట్టడం చట్టవిరుద్ధమని 1998లో అప్పీలు కోర్టు కూడా తేల్చింది. మరుసటి ఏడాది 54.5 మిలియన్ డాలర్లు చెల్లించి సంస్థ రాజీ చేసుకుంది. అయినా బేస్‌బాల్‌లో హెడ్ కోచ్, జీతమిచ్చే ఇద్దరు సహాయకులు, ఆపై ‘వాలంటీర్’ కోచ్ ఒకడు అన్న లెక్క చాలా ఏళ్లు నడిచింది. వాలంటీర్ మిగతావాళ్లతో సమానంగా మైదానంలో నిలబడేవాడు. అతనికి దారి ఖర్చులు దొరికేది వేసవి శిబిరాల్లో పిల్లలకు నేర్పి సంపాదించుకున్న డబ్బుతో. ఈ వృత్తిలో పైకి రావాలనుకున్న చాలామంది కుర్ర కోచ్‌లు దాటిన మెట్టు ఇది. కోట్ల డాలర్ల వ్యాపారంగా మారిన క్రీడ దీన్ని అంతకాలం మామూలు విషయంగా చూడటం నాకు అన్యాయంగానే తోస్తుంది.

చేతిని కాచడానికీ మ్యాచ్ గెలవడానికీ మధ్య ఎంత దూరముందో చూపిన రాత్రి ఒకటుంది. 2009 మే 30న ఆస్టిన్‌లో టెక్సస్, బోస్టన్ కాలేజీ తలపడ్డాయి. తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలాల్సిన మ్యాచ్ 25 ఇన్నింగ్స్ సాగింది. ఏడు గంటల పైచిలుకు. ఎన్‌సీఏఏ చరిత్రలో అంత పొడవైన మ్యాచ్ ఇంకొకటి లేదు. టెక్సస్ పిచర్ ఆస్టిన్ వుడ్ ఏడో ఇన్నింగ్స్‌లో దిగి 13 ఇన్నింగ్స్ విసిరాడు. అందులో 12 దాటేదాకా ఒక్క హిట్ ఇవ్వలేదు. మొత్తం 169 బంతులు. అవతల మైక్ బెల్ఫియోర్ 129 బంతులు విసిరాడు. టెక్సస్ 3-2తో గెలిచింది. ఇంటికి వెళ్లేలోగా ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మర్నాటి నుంచి విమర్శలు మొదలయ్యాయి. డెట్రాయిట్ జట్టు వుడ్‌ను ఆ ఏడాదే ఎంచుకుంది గానీ అతను మేజర్ లీగ్ దాకా చేరలేదు. బెల్ఫియోర్ 2013లో బాల్టిమోర్ తరఫున ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడు. ఆ రాత్రే వాళ్ల భవిష్యత్తును తేల్చిందని చెప్పడం తొందరపాటు. బంతుల లెక్క చూసి ‘ఇక చాలు’ అనే అధికారం పిచింగ్ కోచ్ చేతిలో ఎంతవరకు ఉండాలన్న ప్రశ్న మాత్రం ఆ రాత్రి గట్టిగా ముందుకొచ్చింది.

అప్పటికే దారి తిరగబడటం మొదలైంది. టెనెసీలోని వాండర్‌బిల్ట్‌లో డెరెక్ జాన్సన్ 2002 నుంచి 2012 దాకా పిచింగ్ కోచ్. అతని దగ్గర నేర్చుకున్న డేవిడ్ ప్రైస్‌ను, మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా తీసుకునే డ్రాఫ్ట్‌లో 2007లో మొట్టమొదటగా ఎంచుకున్నారు. ప్రైస్ 2012లో సై యంగ్ బహుమతి గెలిచాడు. ఆ ఏడాది చివర జాన్సన్ షికాగో కబ్స్ సంస్థలో చేరి, అటుపై మిల్వాకీకి, 2019లో సిన్సినాటికి పిచింగ్ కోచ్ అయ్యాడు. న్యూయార్క్‌లో తడబడిన అతని పాత శిష్యుడు సానీ గ్రే అదే ఏడాది సిన్సినాటికి వచ్చి మళ్లీ నిలదొక్కుకున్నాడు.

మన దేశానికి తగిలే ముడి కూడా ఒకటుంది. 1974లో బ్యాటర్ హాంక్ ఆరన్ 715వ హోమ్‌రన్ కొట్టినప్పుడు, పిచర్లు చెయ్యి వేడెక్కించుకునే బుల్‌పెన్‌లో ఆ బంతిని పట్టుకున్న పిచర్ టామ్ హౌస్. తర్వాత టెక్సస్ రేంజర్స్‌కు పిచింగ్ కోచ్‌గా నోలన్ రయన్‌తో పనిచేశాడు. సైకాలజీలో డాక్టరేట్ ఉంది. పిచర్ల చేత అమెరికన్ ఫుట్‌బాల్ విసిరించి సాధన చేయించేవాడు. విసురుడును వీడియోతో, కంప్యూటర్‌తో కొలిచేవాడు. అప్పట్లో చాలామంది దాన్ని వింతగా చూశారు. 2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీలో ముందు నిలిచిన ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ లాస్ ఏంజెలెస్‌లో చేరింది అతని దగ్గరికే, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మైదానానికే. అంతకుముందు బేస్‌బాల్ ముట్టని ఆ ఇద్దరూ కొద్ది నెలల్లోనే, నవంబర్‌లో, పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. 2014లో ఎ.ఆర్. రెహ్మాన్ సంగీతంతో వచ్చిన సినిమా వాళ్ల కథే.

2018 నవంబర్‌లో వెస్ జాన్సన్ వంతు వచ్చింది. ఆర్కన్సా హైస్కూళ్లలో నేర్పడంతో మొదలై డల్లస్ బాప్టిస్ట్, మిసిసిపీ స్టేట్ మీదుగా ఆర్కన్సా విశ్వవిద్యాలయం చేరినవాడు. మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ విసరలేదు. శరీరం కదలికల శాస్త్రంతో బంతి వేగం పెంచడంలో పేరుంది. మినెసోటా ట్విన్స్ అతన్ని నేరుగా తమ పిచింగ్ కోచ్‌గా తీసుకుంది. కాలేజీ నుంచి అలా ఒక్క గెంతులో వెళ్లిన మొదటివాడిగా పేరు పడింది. మరుసటి సీజన్లో ట్విన్స్ 101 మ్యాచులు గెలిచింది. 2022 జూన్‌లో జట్టు తన విభాగంలో ముందున్నప్పుడే అతను రాజీనామా చేసి లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి వచ్చేశాడు. మేజర్ లీగ్‌ను వదిలి కాలేజీకి తిరిగి రావడం చాలామందికి మింగుడుపడలేదు. కుటుంబంతో గడిపే సమయం ఒక కారణమని అతను చెప్పాడు. కాలేజీ కొలువు విలువ ఎంత పెరిగిందో కూడా ఆ అడుగు చెప్పకనే చెప్పింది.

లూసియానాలో అతని చేతికొచ్చిన పిచర్ పాల్ స్కీన్స్, వైమానిక దళ అకాడమీ నుంచి మారిన కుర్రవాడు. 2023లో 209 మందిని స్ట్రైకౌట్ చేసి, 1989లో అదే జట్టుకు ఆడిన బెన్ మెక్‌డొనాల్డ్ నెలకొల్పిన 202 రికార్డును దాటాడు. ఆ జూన్ 22న వేక్ ఫారెస్ట్‌తో ఆడిన మ్యాచులో స్కీన్స్ 8 ఇన్నింగ్స్‌లో, అవతల రెట్ లౌడర్ 7 ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఇవ్వలేదు. వేక్ ఫారెస్ట్ సొంత పిచింగ్ ప్రయోగశాల ఉన్న విశ్వవిద్యాలయం. పదకొండో ఇన్నింగ్స్‌లో లూసియానా 2-0తో గెలిచి, తర్వాత టైటిల్ కూడా అందుకుంది. డ్రాఫ్ట్‌లో మొదటి పేరు స్కీన్స్‌ది. రెండేళ్లకే అతనూ సై యంగ్ బహుమతి గెలిచాడు. వెస్ జాన్సన్ ఈలోగా జార్జియా విశ్వవిద్యాలయానికి హెడ్ కోచ్ అయ్యాడు.

ఆ 2023 జులై 1 నుంచే బేస్‌బాల్‌లో వాలంటీర్ కోచ్ అన్న మాట రద్దయింది. మూడో సహాయకుడికీ జీతం ఇవ్వవచ్చు. గడిచిన ఏళ్లకు న్యాయం చేయమని వాలంటీర్లు వేసిన దావాలో పరిహారం ఇవ్వడానికి ఎన్‌సీఏఏ తర్వాత ఒప్పుకుంది.

లూసియానాలో జాన్సన్ కుర్చీలోకి నేట్ యెస్కీ వచ్చాడు. 2018 ఫైనల్లో జాన్సన్ పనిచేసిన ఆర్కన్సాను ఓడించిన ఆరెగన్ స్టేట్‌కు పిచింగ్ కోచ్ ఇతనే. ఆ తర్వాత అరిజోనా, టెక్సస్ ఎ అండ్ ఎం తిరిగి ఇక్కడికి చేరాడు. 2025 జూన్‌లో ఒమాహాలో జరిగిన ఫైనల్ మొదటి మ్యాచులో అతని శిష్యుడు కేడ్ ఆండర్సన్ తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తిగా విసిరి కోస్టల్ కెరొలైనాపై 1-0తో గెలిపించాడు. 130 బంతులు. హైస్కూలు రోజుల్లోనే టామీ జాన్ శస్త్రచికిత్స జరిగిన చెయ్యి అది. మర్నాడు జట్టు టైటిల్ గెలిచింది, మరుసటి నెల సియాటిల్ మెరైనర్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో మూడో స్థానంలో తీసుకుంది.