పనిశాలలో పుట్టిన ముక్కాలిపీట

ఆసనాల చరిత్ర రాసేవారు సింహాసనాలతో మొదలుపెట్టడం పరిపాటి. బంగారు రేకు తాపిన పీఠాలను రాజులు తమతోపాటు సమాధుల్లోకి తీసుకుపోయారు కనుక అవి మిగిలాయి; వడ్రంగి తన పనిచోటు కోసం తుండుముక్కలతో చేసుకున్న మొరటు పీట అరిగేదాకా వాడుకలో ఉండి, విరిగిన రోజున పొయ్యిలోకి పోయింది కనుక చాలా దేశాల్లో దాని ఆనవాలైనా దొరకదు. దీనివల్ల ఆ పీటను గొప్ప ఆసనాలకు చవకబారు నకలుగా చూసే అలవాటు ఏర్పడింది. ఈజిప్టు ఎండునేల భద్రపరిచిన ఆధారాలను గమనిస్తే ఆ అభిప్రాయం నిలవదు.

క్రీస్తుపూర్వం 16వ శతాబ్ది నుంచి 13వ శతాబ్ది ఆరంభం దాకా ఈజిప్టును ఏలిన 18వ రాజవంశ కాలంలో, మూడవ థుట్మోస్, రెండవ అమెన్‌హోటెప్ అనే ఫరోల వద్ద మహామంత్రిగా ఉన్న రెఖ్మిరే సమాధి నేటి లక్సర్ నగరానికి ఎదురుగా నైలు నది పడమటి గట్టున ఉంది. దాని గోడలమీద వడ్రంగులు, తోలుపనివారు, లోహకారులు, పూసలకు బెజ్జాలు వేసేవారు తమ తమ పనుల్లో నిమగ్నమై కనిపిస్తారు. వారిలో కొందరు కూర్చున్నది పొట్టి ముక్కాలిపీటల మీద. అదే రాజవంశ కాలానికి చెందిన అసలు పీట ఒకటి, లక్సర్ ఉన్నచోటి ప్రాచీన నగరమైన థీబ్స్ నుంచి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. కూర్చునే చోట పళ్లెంలా లోపలికి తొలిచిన చెక్క, దాని కింద బయటికి వాలిన మూడు కాళ్లు, ఇంతే దాని నిర్మాణం. ప్రభువుల ఆసనాలకు సింహపు పాదాలు చెక్కి నాలుగు కాళ్లు అమర్చిన దేశంలోనే పనివాడి పీటకు మూడు కాళ్లు పెట్టడాన్ని కేవలం కర్ర ఆదాగా లెక్కకట్టడం సరికాదు. రాజు ఆసనం చదును చేసిన గచ్చుమీద నిలుస్తుంది. పనివాడి పీట పేళ్లూ పొట్టూ పరుచుకున్న ఎగుడుదిగుడు నేలమీద నిలవాలి.

ఒకే గీతమీద లేని మూడు బిందువులు ఎక్కడున్నా వాటిని కలుపుతూ ఒక సమతలం, అంటే గుంటలూ మిట్టలూ లేని తలం, తప్పక ఉంటుంది. నాలుగో బిందువు ఆ తలంలో పడవచ్చు, పడకపోవచ్చు. నాలుగు కాళ్ల బల్ల గతుకుల నేలమీద ఊగిసలాడటానికీ, మూడు కాళ్ల పీట కదలకుండా నిలవడానికీ కారణం ఇదే. ప్రతి త్రిభుజమూ ఒకే తలంలో ఉంటుందన్న విషయాన్ని క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ గ్రంథపు 11వ భాగంలో చేర్చేనాటికి, రెఖ్మిరే కాలపు పనివారు ఆ సూత్రంమీద కూర్చుని పనిచేసి వెయ్యేళ్లు దాటింది. అయితే మూడు కాళ్లకు ఒక లోపం ఉంది: కూర్చున్నవారి బరువు కాళ్ల కొనలు ఏర్పరిచే త్రిభుజాన్ని దాటి పక్కకు ఒరిగితే పీట తిరగబడుతుంది. అందుకే ఈ పీటల కాళ్లను నిటారుగా దించకుండా బయటికి వాల్చి, కింది త్రిభుజాన్ని వెడల్పు చేశారు.

యూరప్ పల్లెల్లో శతాబ్దాలపాటు పాలు పితికేవారూ పనిశాలల్లోని కార్మికులూ వాడిన పీటలు కూడా ఇదే కుదురుకు చెందినవి. వాటికి చట్రం ఉండదు, అడ్డపట్టీలు ఉండవు, జిగురు కూడా అవసరం లేదు. రెండంగుళాల మందం గల పలకకు మూడు బెజ్జాలు చేసి, ఆ బెజ్జాల్లోకి కాళ్లను దిగ్గొట్టడంతో నిర్మాణం ముగుస్తుంది. చూడటానికి మొరటుగా ఉండే ఈ పనిలో కర్రను గురించిన జ్ఞానం ఎంత ఇమిడి ఉందో విడమరచి చూస్తేగాని తెలియదు.

మొదటి మెళకువ కాళ్లను రంపంతో కోయకుండా దుంగను గొడ్డలితో చీల్చి తీయడంలో ఉంది. రంపం తన దారిన తాను పోతూ కర్రలోని నారను అడ్డంగా తెంచుతుంది, చీలిక మాత్రం నార వెంబడే పోతుంది కనుక చీల్చిన కాలులో నార పైనుంచి కిందిదాకా తెగకుండా సాగి, సన్నని కాలైనా బరువును ఓర్చుకుంటుంది. రెండవది తడికి సంబంధించినది. పచ్చికర్రలోని తడి, ఎండిన కర్ర బరువులో సుమారు 30 శాతానికి తగ్గేదాకా కర్ర కొలత మారదు. అక్కడినుంచి ఆరేకొద్దీ అది ముడుచుకుంటుంది. ఆ ముడుత నిలువునా లేనట్టే ఉండి, అడ్డంగా మాత్రం చెట్టు వలయాల వెంబడి ఎక్కువగా, వలయాలకు అడ్డుగా అందులో సుమారు సగంగా ఉంటుంది కనుక గుండ్రంగా చెక్కిన పచ్చి కాలు ఆరిన తరవాత కోలగా మారి బెజ్జంలో వదులవుతుంది. దీనికి విరుగుడుగా పనివారు కాళ్లను బాగా ఎండబెట్టి, పలకలో కొద్దిపాటి తడి ఉండగానే బిగించేవారు. పలక ఆరుతూ ముడుచుకున్నకొద్దీ బెజ్జం ఎండిన కాలిని పట్టి బిగిస్తుంది. గుమ్మం దగ్గర రాలిన పేళ్లను చూసి కర్ర తడిని అంచనా వేయగల ఆ అనుభవాన్ని విజ్ఞానశాస్త్రం అనడానికి ఏ సంకోచమూ అక్కరలేదు.

మూడవ మెళకువ కొయ్య మేకు. కాలి పైకొనను రంపంతో నిలువుగా కొద్దిలోతు కోసి, పలక పైకి తేలిన ఆ కోతలో పలుచని మేకును దిగ్గొడితే కొన విచ్చుకుని బెజ్జంలో ఇరుక్కుంటుంది. ఆ కోత పలకలోని నారకు అడ్డంగా నిలవాలి. నార వెంబడి నిలిస్తే మేకు ఒత్తిడికి పలకే రెండుగా చీలుతుంది.

ఏ భాగానికి ఏ చెట్టన్నది కూడా ఇలాగే తేలింది. ఇంగ్లండ్‌లో పలకకు ఎల్మ్ చెట్టును ఎంచుకున్నారు, దాని నార ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉండటంవల్ల అంచు దగ్గర బెజ్జం చేసినా అది సులువుగా చీలదు. కాళ్లకు బీచ్, యాష్ చెట్లు తిన్నగా చీలి అక్కరకు వచ్చాయి. బకింగ్‌హామ్‌షైర్ బీచ్ అడవుల్లో గుడిసెలు వేసుకుని, పైన వంచి కట్టిన కొమ్మ గుంజే తాటితో తిరిగే తరిమెనమీద కుర్చీకాళ్లు పట్టి హై వికోమ్ కార్ఖానాలకు అమ్మిన బాడ్జర్లు అనే పనివారు 20వ శతాబ్ది మధ్యదాకా కనిపించారు. ఆ తరవాత 1960ల చివర మొదలైన తెగులు బ్రిటన్‌లో రెండున్నర కోట్లకు పైగా ఎల్మ్ చెట్లను చంపింది. చెట్టుతోపాటు ఒక పనితనపు ఆధారం కూడా పోవడం నిజంగా బాధాకరం.

తెలుగునాట వడ్రంగి నేలమీదే కూర్చుని, కర్రను కాలివేళ్లతో అదిమిపట్టి బాడిశతో చెక్కడం పాత పద్ధతి కనుక ఇక్కడి పనిశాలలో పీటకు అంతటి అగత్యం కలగలేదు. అయినా ముక్కాలిపీట అన్న మాట భాషలోనూ, ఆ వస్తువు కొన్ని ఇళ్ల అటకలమీదా ఇంకా ఉన్నాయి. అటువంటిది ఉన్నవారు దాన్ని వంటచెరకు చేయకముందు ఒకసారి తిరగవేసి, బాడిశ దెబ్బల గుర్తులనూ, కాళ్లు ఏ వాలున దిగాయో చూడాలి. వదులైన కాలికి ఇనుప మేకు కొడితే పలక చీలుతుంది. పాత కొయ్య మేకును ఊడదీసి, ఎండుకర్రతో కొత్తది చెక్కి దిగ్గొడితే ఆ పీట మళ్లీ పనికి వస్తుంది.